పదికి ఏడు

చక్రపాణి పంజాగుట్టలో ఫిజియోథెరపిస్టు. వయసు నలభై రెండు. పదహారేళ్లుగా ఒకే సెంటరులో, ఒకే కిటికీ పక్కన పనిచేస్తున్నాడు. కిటికీలోంచి మెట్రో కనిపిస్తుంది. మెట్రో రాకముందు కొంచెం ఆకాశం కనిపించేది.

ఆయన పని మనుషులను వంచడం. వంగిపోయినవాళ్లను నిటారుగా నిలబెట్టడం. మోకాలు ముడుచుకోనివాళ్లకు ముడవడం నేర్పడం, ముడుచుకుని తెరుచుకోనివాళ్లకు చాచడం నేర్పడం. ఉదయం ఏడు నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నాలుగు నుంచి తొమ్మిది దాకా. మధ్యలో మూడు గంటలు ఆయనవేనని నియామక పత్రంలో రాసి ఉంది.

పూటకు పాతిక మంది వస్తారు. చాలామంది పేర్లు ఆయనకు తెలియవు. తెలుసుకోకూడదని కాదు. తలుపు తెరుచుకోగానే ముందు నడక వస్తుంది, తరువాత కీలు వస్తుంది, ముఖం వచ్చేసరికి ఇంకొకరు వచ్చేస్తారు. అందుకని కుడి మోకాలు అంకుల్, ఎడమ మడమ ఆంటీ, మెడ తమ్ముడు. ఒకసారి బేగంపేటలో సొంత పెదనాన్న ఎదురుపడితే మనిషిని పోల్చుకోలేదు. తుంటిని పోల్చుకున్నాడు. ఆ తుంటి మనవాళ్లదే అని భార్య కుసుమకుమారితో అన్నాడు. ఆమె వెనక్కి వెళ్లి పెదమామగారికి నమస్కారం పెట్టి వచ్చింది.

అలసట ఎప్పుడు మొదలైందో ఆయనకు తెలియదు. బయటపడింది మాత్రం కూరల బండి దగ్గర. వంకాయను బొటనవేలితో నొక్కి, ఇక్కడ నొప్పిగా ఉందా అని అడిగాడు. బండివాడు కాసేపు ఆలోచించి, లేదన్నాడు.

తరువాత మాట పాడైంది. రోజుకు రెండు వందల సార్లు అనే మాట రిలాక్స్. ఆ మాట నోట్లోకి వచ్చినప్పుడల్లా దవడ బిగుసుకోవడం మొదలైంది. ఒక సాయంత్రం చీలమండ బెణికిన ఒకాయనతో ఆ మాట ఎలా అన్నాడో ఏమో, ఆయన లేచి, చెప్పులు వేసుకుని, బాగానే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నయమైనట్టే లెక్క.

సెంటరు యజమాని రాజనర్సయ్య. డాక్టరు కాదు. కింద మందుల దుకాణం, పక్కన రక్తపరీక్షల ల్యాబు ఆయనవే. మంచి మనిషి. అలసట అనేది రోగులకు వచ్చేదని ఆయన నమ్మకం. చక్రపాణి వెళ్లి, తనకు ఈ మధ్య ఏ మోకాలు చూసినా ఒకేలా అనిపిస్తోందని చెప్పాడు. మోకాళ్లు ఒక్క తీరుగనే ఉంటయి కదా అని రాజనర్సయ్య అన్నాడు. అయినా మనసు ఆగక, పని అలసట మీద ఒక ట్రైనర్‌ను పిలిపించాడు. ఆదివారం ఉదయం స్టాఫ్ అంతా కళ్లు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోవాలి. చక్రపాణి గోడకు ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. ట్రైనర్ ఆ ఫోటో తీసి తన ప్రచారానికి వాడుకున్నాడు. కార్యక్రమం అయ్యాక ఆ ట్రైనరే తన మెడ పట్టుకుని చక్రపాణి పక్కకు వచ్చి, మూణ్ణెల్లుగా ఇటు తిరగడం లేదండీ అన్నాడు. ఆ వారం నుంచి ఆయన కూడా వస్తున్నాడు. మెడ సార్.

చివరికి రాజనర్సయ్యే ఒక దారి చెప్పాడు. "ఫికర్ చెయ్యకు. మధ్యాహ్నం గా మూల బెడ్డు మీద జర పండుకో. ఎవరొద్దన్నరు."

చక్రపాణి పడుకున్నాడు. కర్టెన్ లాగుకున్నాడు. నాలుగు నిమిషాలకు కర్టెన్ తెరుచుకుంది. జానకీదేవి గారు. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. భుజం పట్టేసి మూడేళ్లు. ఆవిడ పేరు చక్రపాణికి తెలుసు, ఎందుకంటే ఆవిడే రోజూ చెబుతారు.

"మీరిక్కడున్నారా చక్రపాణి గారూ. పడుకోండి, పడుకోండి. నేను నిలబడే చెబుతాను."

నిలబడే చెప్పారు. వెనక ఇంకో ఇద్దరు వరసలో నిలబడ్డారు. నాలుగో రోజుకు మూల బెడ్డు చుట్టూ మధ్యాహ్నం బ్యాచ్ ఒకటి తయారైంది.

అందుకని ఒక మంగళవారం ఆయన మెట్రో ఎక్కి ఒక స్టేషన్ వెళ్లి అమీర్‌పేటలో దిగాడు.

కోచింగ్ బోర్డుల మధ్య ఒక సందు. సందులో మూడంతస్తుల భవనం. రెండో అంతస్తులో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. దాని కింద, మొదటి అంతస్తులో, మెడికల్ కోడింగ్ నేర్పుతారు. రోగాలకు అంకెలు వేసి విదేశీ బీమా కంపెనీలకు పంపే పని అది. అందులో రోగి ఉండడు, రోగం మాత్రమే ఉంటుంది. కూర్చుని చేసుకోవచ్చు. ఫిజియోథెరపీ చదివినవాళ్లు కొందరు ఏదో ఒక రోజు ఆ అంతస్తుకు దిగుతారు.

తనను ఎవరూ ఎరగని చోట ఇరవై నిమిషాలు కర్టెన్ వెనక పడుకోవాలి. ఆయనకు కావలసింది అంతే. దానికి ఒక రోగం కావాలి. ఏ రోగమో మెట్రోలోనే నిర్ణయించుకున్నాడు. మెడ అంటే కూర్చోబెట్టి లాగుతారు. మోకాలు అంటే లేపి వ్యాయామం చేయిస్తారు. భుజం అంటే వేళ్లతో గోడ ఎక్కిస్తారు. నడుము అయితే బోర్లా పడుకోబెట్టి, పైన వేడి ప్యాక్ పెట్టి, వైర్లతో సన్నటి కరెంటు పెట్టి, కర్టెన్ లాగి వెళ్లిపోతారు. నడుము మంచిది.

ఫారంలో పేరు హనుమత్ప్రసాద్ అని రాశాడు. రెండో తరగతిలో పక్కన కూర్చున్నవాడి పేరు. వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు అన్న చోట పన్నెండు అని రాసి, కాసేపు ఆ అంకె వైపు ఇష్టంగా చూశాడు.

చూడ్డానికి వచ్చిన థెరపిస్టు పేరు సంహిత. చదువు పూర్తయి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. తండ్రి సనత్‌నగర్‌లో వాల్వుల కార్ఖానాలో సూపర్‌వైజరు. అమ్మాయి కోటు జేబులో చిన్న నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు ఉన్నాయి. నొప్పి ఎక్కడ అని అడిగింది.

చక్రపాణి తప్పు చేసింది ఇక్కడే. ఆయనకు నొప్పి నటించడం రాదు. నొప్పి గురించి తెలుసు, అంతే. తెలిసినదంతా చెప్పాడు. బెల్టు గీత కింద, వెన్నుకు కుడివైపు, ఒక్క వేలితో చూపించాడు. అక్కడి నుంచి పిరుదులోకి, తొడ వెనక నుంచి, పిక్క బయటివైపుగా బొటనవేలి దాకా గీత గీసినట్టు లాగుతుందన్నాడు. ముందుకు వంగితే ఎక్కువ. దగ్గితే ఎక్కువ. పడుకుంటే తక్కువ. చివరి ముక్క ప్రత్యేకంగా రెండుసార్లు చెప్పాడు.

ఆ అమ్మాయి కాలు పైకి లేపింది. సరిగ్గా నలభై అయిదు డిగ్రీల దగ్గర ఆయన అమ్మా అన్నాడు.

సంహిత ఆ కాలు పట్టుకునే ఉండిపోయింది. నాలుగు నెలలుగా ఆమె దగ్గరికి వచ్చినవాళ్లు అరచేతితో ఒంట్లో సగం చుట్టేసి, ఇదంతా అంటున్నారు. నొప్పి నిన్న ఇక్కడుందండీ, ఇవాళ అటెళ్లింది అంటున్నారు. అయిదేళ్లు చదివిన పుస్తకంలోని మనిషి బయట ఎక్కడా లేడని ఆమె అప్పటికే అనుమానపడుతోంది. ఇదిగో, వచ్చాడు. నలభై అయిదు డిగ్రీలతో సహా వచ్చాడు.

"మీరు చాలా బాగా చెబుతున్నారు సార్. నొప్పి పదికి ఎంత?"

చక్రపాణి దాని గురించీ ముందే ఆలోచించాడు. అయిదు కంటే తక్కువ చెబితే లేపి వ్యాయామం మొదలుపెడతారు. ఎనిమిది దాటితే స్కానింగ్‌కు రాస్తారు. పడక కావాలంటే ఒకటే అంకె.

ఏడు అన్నాడు.

మొదటి రోజు వేడి ప్యాక్ నడుము మీద పెట్టగానే నిద్రపోయాడు. ఆకుపచ్చ కర్టెన్. కింది నుంచి పిల్లలు రోగాల అంకెలు వల్లెవేస్తున్న శబ్దం. పక్క బెడ్డు మీద ఎవరో ముసలామె ఇంకెవరితోనో ఫోన్లో ఉప్పు ఎంత వెయ్యాలో చెబుతోంది. ఎవరూ ఆయనను ఏమీ అడగలేదు. లేచేసరికి దిండు మీద చొంగ. మెట్రోలో తిరిగి వస్తూ, ఎదురుగా నిలబడిన కుర్రాడి ముఖం చూశాడు. మెడ తరువాత చూశాడు.

రెండో రోజు ఏడు. మూడో రోజు ఏడు. అయిదో రోజు సంహిత నోటుబుక్కులో ఒక పటం గీసింది. అంకె దిగుతుంటే గీత కిందికి రావాలి. గీత బల్లలా సమంగా వెళ్లింది.

ఆరో రోజు పద్ధతి మార్చింది. ఏడో రోజు కరెంటు రకం మార్చింది. ఆయన ఏ రకంలోనైనా అంతే హాయిగా నిద్రపోయాడు. ఎనిమిదో రోజు వాళ్ల ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది. చక్రపాణి కర్టెన్ వెనక నుంచి విన్నాడు. తన నడుము గురించి అంత శ్రద్ధగా ఎవరూ మాట్లాడగా ఆయన వినలేదు. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

పదో రోజు ఆమె కరెంటు పెట్టకముందు, ఒకసారి వీపంతా చేత్తో చూస్తాను సార్ అంది. బొటనవేలు వెన్ను పక్కన నెమ్మదిగా పైకి వచ్చింది. నడుము దాటింది. పక్కటెముకలు దాటింది. కుడి భుజం రెక్క లోపలి అంచు దగ్గర ఆగింది. నొక్కింది.

చక్రపాణికి కళ్లముందు రంగులు తిరిగాయి. బెడ్డుకు ముఖం పెట్టుకునే చోట ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలోంచి రెండు కన్నీటి చుక్కలు నేల మీద పడ్డాయి. అక్కడ ఒక ముడి ఉందని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. పదహారేళ్లు నిలబడి, వంగి, బొటనవేలితో ఇతరుల వీపులు నొక్కితే వచ్చే ముడి అది.

ఇక్కడ ఏదో ఉన్నట్టుంది, నొప్పి లేదా అని సంహిత అడిగింది.

ఉందంటే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. ఇలాంటి ముడి సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాదని ఆ అమ్మాయికి తెలిసిపోతుంది. తన వృత్తివాడే తనను మోసం చేస్తున్నాడని తెలుస్తుంది. పడక పోతుంది.

"లేదు" అన్నాడు రంధ్రంలోకి.

"విచిత్రం. నా చేతికి ఉన్నట్టే ఉంది."

ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి వెనక్కి వెళ్లిపోయింది. నోటుబుక్కులో ఏదో రాసి కొట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ రోజు చక్రపాణికి నిద్ర పట్టలేదు. ఆ చెయ్యి మంచి చెయ్యి. పదహారేళ్లలో ఆయన చాలామంది జూనియర్లను చూశాడు. అడగకుండా చోటు కనిపెట్టే చెయ్యి ఒకటో రెండో చూశాడు. దానికి ఇప్పుడే తాను అబద్ధం చెప్పాడు.

పక్క బెడ్డు ముసలామె పేరు పోచమ్మ. ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్‌కు వంట చేస్తుంది. రెండు మోకాళ్లూ నిజంగా అరిగిపోయాయి. క్లినిక్‌లో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఆమెకు తెలుస్తుంది. పన్నెండో రోజు ఆమె కర్టెన్ అవతల నుంచి మాట్లాడింది.

"ఓ సారు. నొప్పి ఉన్నోడు గంత నిద్ర పోతడా?"

చక్రపాణి ఊపిరి బిగబట్టాడు.

"గా పిల్ల రెండు రోజుల సంది అన్నం తింటలేదు. డబ్బా గట్లనే వాపస్ పట్కపోతుంది. ఏంది బిడ్డా అంటే, నా చెయ్యి పనికి రాదు పెద్దమ్మా అంటది. కింది క్లాసుకు పోతదట. సోమవారం నాడు. నీ నడుము మూలంగనే."

కింది క్లాసు అంటే కోడింగ్ డెమో. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటి రోజు డెమో ఉంటుంది. నచ్చితే చేరవచ్చు. నచ్చకుండా ఉండే డెమో అమీర్‌పేటలో ఇంకా పుట్టలేదు.

చక్రపాణి ఆ మధ్యాహ్నం తిరిగి వెళ్లి కుడి మోకాలు అంకుల్‌కు ఎడమ మోకాలు వంచాడు. అంకుల్ రెండోది కూడా చూస్తున్నారనుకున్నాడు. చక్రపాణి మనసంతా ఒకటే లెక్క. ఆ అమ్మాయి ఆ మెట్లు దిగకూడదు. తన గుట్టు కూడా బయటపడకూడదు. రెండూ కుదరాలంటే ఒకటే మార్గం. నయమవ్వాలి.

పదమూడో రోజు అయిదు అన్నాడు. పద్నాలుగో రోజు మూడు అన్నాడు. పుస్తకంలో ఉన్న క్రమంలోనే తగ్గించాడు. ముందు బొటనవేలు, తరువాత పిక్క, తరువాత తొడ. కాలు ఎత్తితే డెబ్భై డిగ్రీల దాకా వెళ్లింది. మూడు అన్న రోజు, సంహిత ముఖంలో వెలుగు కోసం తల తిప్పి చూశాడు. వెలుగు లేదు.

మూడు రోజులుగా తాను ఏ చికిత్సా చెయ్యలేదని ఆమె చెప్పింది. ఏం చేసినా తగ్గడం లేదు కదా అని, మెషిన్ వైర్లు పెట్టి స్విచ్ వెయ్యకుండా వదిలేసిందట. వేడి ప్యాక్ కూడా చల్లగానే పెట్టిందట. ఆయనకు నిద్రలో తెలియలేదు.

"నేను చేసినన్నాళ్లూ ఏడు సార్. మానేశాక మూడు. నేను లేకపోతేనే మీకు బాగుంది."

చక్రపాణి తల మళ్లీ రంధ్రంలో పెట్టుకున్నాడు.

సోమవారం రెండు గంటలకు సంహిత ఆయనకు వైర్లు పెట్టింది. నడుము చుట్టూ బెల్టు కట్టింది. ఈసారి స్విచ్ వేసింది. టైం అయ్యాక వేరేవాళ్లు వచ్చి తీస్తారని, తాను ఒక గంట కిందికి వెళ్తున్నానని చెప్పింది. కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. కర్టెన్ లాగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గుతూ పోయింది.

కరెంటు నడుము మీద చీమల్లా పాకుతోంది. చల్లటి గది. ఇంకా పదహారు నిమిషాలు ఉన్నాయి. ఇంత మంచి పడక ఆయనకు జన్మలో దొరకలేదు.

"పోయింది" అంది పోచమ్మ అవతల నుంచి.

అవునన్నాడు.

"నువ్వు పండుకున్నవ్."

ఆ మాటలో తిట్టు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చక్రపాణి ఇంకో నిమిషం పడుకున్నాడు. ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంది. తరువాత లేచాడు.

మెషిన్ నుంచి ప్లగ్గులు పీకాడు. మెషిన్ కీచుమంది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. చెప్పులు వేసుకోలేదు. ఇన్నేళ్లలో వేలమందికి వైర్లు తీసిన మనిషి తన వైర్లు తియ్యడం మరిచాడు. బెల్టు నడుముకే ఉంది. చొక్కా కింది నుంచి ఎర్రవి రెండు, నల్లవి రెండు, నాలుగు తీగలు వేలాడుతూ మెట్ల మీద టకటకమని వెంట వచ్చాయి.

క్లాసులో ముప్పై మంది ఉన్నారు. ఒడిలో బ్యాగులు పెట్టుకుని కూర్చున్న హాస్టల్ పిల్లలు. మూడో బెంచీ చివర సంహిత. బోర్డు దగ్గర కోడింగ్ ట్రైనర్ ఉత్సాహంగా ఉన్నాడు. రండి సార్, రండి, ఇప్పుడే మొదలుపెట్టాం, మీ క్వాలిఫికేషన్ ఏంటని అడిగాడు.

చక్రపాణి అబద్ధాల అలవాటు పోగొట్టుకుందామనే దిగి వచ్చాడు.

"ఫిజియోథెరపీ. పదహారేళ్ల సర్వీసు. పంజాగుట్ట."

సంహిత వెనక్కి తిరిగింది. ట్రైనర్ ముఖం విప్పారింది. చూశారా, పదహారేళ్ల సీనియర్లు కూడా ఫీల్డ్ మారుతున్నారు, ఇంతకంటే రుజువు ఏం కావాలి అని క్లాసును అడిగాడు. క్లాసు చప్పట్లు కొట్టింది. చక్రపాణి కూడా తనకు తెలియకుండా రెండు చప్పట్లు కొట్టాడు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు చెయ్యి ఎత్తి, సార్ వెనక ఆ తీగలేంటని అడిగాడు. ట్రైనర్ దాన్ని సందేహాల సమయంలో చూద్దామన్నాడు.

చక్రపాణి వెళ్లి సంహిత పక్కన కూర్చున్నాడు. తీగలు ఒళ్లో పెట్టుకున్నాడు. తన పేరు హనుమత్ప్రసాద్ కాదని, నడుము నొప్పి లేదని, ఎన్నడూ లేదని నెమ్మదిగా చెప్పాడు. ఏడు అన్నది పడక కోసమని చెప్పాడు. పని చేసే చోట పడుకోవడం కుదరదని, ఇంట్లో పడుకుంటే కళ్లు మూసినా మోకాళ్లు కనిపిస్తున్నాయని చెప్పాడు. బోర్డు మీద నడుము నొప్పికి అంకె వేస్తున్నారు. క్లాసు రాసుకుంటోంది.

సంహిత బోర్డు వైపే చూస్తోంది.

"పదో రోజు మీ చెయ్యి భుజం రెక్క దగ్గర ఆగింది కదా" అన్నాడు. "చోటు అదే. ప్రాణం పోయింది. నేను లేదన్నాను."

ఆమె బోర్డు మీంచి చూపు తిప్పింది. తరువాత గొంతు పెంచకుండా మాట్లాడింది.

"మీ నడుము గురించి మా ప్రొఫెసర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. ఇంత స్పష్టమైన కేసు ఆయన కూడా చూడలేదట. విజయవాడ కాన్ఫరెన్స్‌లో మిమ్మల్ని చూపిద్దామన్నారు. వెయ్యి మంది ముందు మీ కాలు ఎత్తేదాన్ని సార్."

చక్రపాణి ఆ దృశ్యాన్ని ఊహించుకుని చెమటలు తుడుచుకున్నాడు. తప్పయిందన్నాడు. ఆమె ఆయన చేతిని లాక్కుని, బొటనవేలి మొదలు దగ్గర రెండు వేళ్లతో నొక్కింది. ఆయన బెంచీ మీంచి ఒక జానెడు లేచాడు. నొక్కేవాళ్లకు అరిగేది అక్కడేనన్నట్టు ఆమె తల ఊపింది. బ్యాగు తీసుకుంది.

"పైకి నడవండి."

మేడమ్, డెమో ఇంకా అవలేదని ట్రైనర్ అన్నాడు. పేషెంట్ ఉన్నాడని ఆమె చెప్పింది. ముందు ఆమె, వెనక ఆయన, ఆయన వెనక నాలుగు తీగలు మెట్లెక్కాయి.

కోటు కొక్కేనికే ఉంది. ఆమె వేసుకుంది. ఆయనను బోర్లా పడుకోమని, భుజం రెక్క అంచున మోచెయ్యి ఆనించి, తన బరువంతా నెమ్మదిగా దించింది. చక్రపాణి మొదట పళ్లు కొరికాడు. తరువాత తల్లిని పిలిచాడు. తరువాత పదహారేళ్లుగా తాను నొక్కినవాళ్లందరినీ మనసులో క్షమాపణ అడిగాడు. పక్క బెడ్డు నుంచి పోచమ్మ, "గిది నొప్పి" అంది తృప్తిగా.

రిలాక్స్ అవ్వండి అంది సంహిత. ఆ మాట వినడం ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది. కొట్టాలనిపించింది.

ఆమె వేసిన శిక్షలు మూడు. నెల రోజులు బొటనవేలితో ఎవరినీ నొక్కకూడదు, మోచెయ్యి వాడాలి. గంటకోసారి గోడకు వీపు ఆనించి చేతులు పైకెత్తాలి. రోజూ రెండింటికి వచ్చి నొక్కించుకోవాలి, సొంత పేరుతో. నొక్కడం అయ్యాక కావాలంటే పదిహేను నిమిషాలు కర్టెన్ వెనక పడుకోవచ్చు. అయిదు నిమిషాలు కోత ఎందుకని ఆయన అడగలేదు.

మర్నాటి సాయంత్రం పంజాగుట్టలో జానకీదేవి గారి భుజం మీద బొటనవేలికి బదులు మోచెయ్యి పడింది. ఇదేంటి కొత్తగా అని ఆవిడ అడిగారు. డాక్టర్ చెప్పిందన్నాడు. మీకు డాక్టరా అన్నారు ఆవిడ. అమీర్‌పేటలో ఒకమ్మాయి అని, అడగకుండా చోటు కనిపెడుతుందని, ఆమె చేతిలో తాను అరిచానని చెప్పాడు. దాచడం అప్పటికే మానేశాడు. జానకీదేవి గారు అడ్రసు అడిగారు. పక్క బెడ్డు నుంచి కుడి మోకాలు అంకుల్, తాను ఎప్పుడూ అరవలేదని బాధపడ్డాడు. ఆయనా అడ్రసు రాసుకున్నాడు.

రెండు వారాల్లో పూటకు పాతిక మంది పదిహేడు మంది అయ్యారు. రాజనర్సయ్య వచ్చి ఖాళీ బెడ్లు చూసి, మంది ఏమైండ్రని అడిగాడు. కొందరు అమీర్‌పేట పోతున్నారని చక్రపాణి ఉన్నమాట చెప్పాడు. మెట్రో వచ్చినంక గిదే లొల్లి, ఒక్క స్టేషన్ దూరానికి సుత బండెక్కుతుండ్రు అని రాజనర్సయ్య మెట్రోను తిట్టి కిందికి పోయాడు.

పదిహేడు మందిలో పదకొండు మంది పేర్లు చక్రపాణికి వచ్చేశాయి. మెడ తమ్ముడి పేరు తారక్. ఆయన నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాడట.

ఒక గురువారం పొద్దున సంహిత ఫోన్ చేసింది. వెనక నుంచి నాలుగు రకాల గొంతులు వినిపిస్తున్నాయి. ముందుగా, ఇక ఎవరినీ పంపవద్దని చెప్పింది. తినడానికి కూడా తీరిక లేదంది. కింది ట్రైనర్ రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ కట్ చేసిందట. తరువాత గొంతు తగ్గించింది.

"సార్, మీ జానకీదేవి గారు వచ్చారు. నొప్పి ఎక్కడంటే ఇంట్లో అందరి సంగతీ చెబుతున్నారు. భుజం తప్ప. ఏం చెయ్యాలి?"

"ఏమీ అడగకండి. స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి మీ చేతిలోకి తీసుకుని ఊరికే ఉండండి. మూడు నిమిషాలు."

"మూడు నిమిషాలా? బయట ఆరుగురున్నారు సార్."

"మూడో నిమిషంలో ఆవిడే చెబుతారు."

సంహిత ఫోన్‌ను జేబులో పెట్టుకుంది, కట్ చెయ్యడం మరిచింది. చక్రపాణి చెవికి కోటు గుడ్డ రాసుకునే చప్పుడు వచ్చింది. స్టూలు లాగిన చప్పుడు. జానకీదేవి గారు కోడలి గురించి రెండు మాటలు, గ్యాస్ సిలిండర్ గురించి ఒక మాట అన్నారు. తరువాత మాట ఆగింది. ఆ మౌనం బాగా పొడుగ్గా సాగింది. మధ్యలో సంహిత ఏదో అనబోయి ఆపుకున్నట్టు తెలిసింది.

పంజాగుట్టలో తారక్ మెడ మీద వేడి ప్యాక్ పెట్టించుకుని ఎదురుచూస్తున్నాడు. చక్రపాణి ఒక చెయ్యి ఎత్తి, ఉండు అని సైగ చేశాడు.

ఫోన్లో జానకీదేవి గారు ఊపిరి తీసుకున్నారు. "అదేనమ్మా, ఆ రోజు అటక మీంచి బిందె దించుతుంటే" అని మొదలుపెట్టారు. మూడేళ్లలో ఈ బిందె సంగతి ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. చక్రపాణి ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకుని, తరువాత ఏమైందో వినడానికి కిటికీ దగ్గరికి నడిచాడు.